పెట్టెల అర్సేనియో ఇంటికి రంపం మిషను

ఆ ఏడు వానాకాలంలో మా ఊళ్ళో ఒక్కరూ చచ్చిపోలేదు. మాకు ఇబ్బంది వచ్చిపడింది అక్కడే.

మా ఆయన అర్సేనియో శవపేటికలు చేసేవాడు. మా ఊరు కరిపాంబాలోనూ, చుట్టూ కొండల మీది పల్లెల్లోనూ ఆయన్ని పెట్టెల అర్సేనియో అనే పిలిచేవారు. జనవరిలో వాన పట్టుకుందంటే దగ్గులు, జ్వరాలు, బురదలో జారిపడడాలు మొదలయ్యేవి. మాకు చేతినిండా పని ఉండేది. ఆ ఏడు మాత్రం ముసలివాళ్ళందరూ కూడబలుక్కున్నట్టు దిట్టంగా ఉన్నారు. అంతకుముందు పోయిన ఒకరిద్దరికి కూడా వాళ్ళ పిల్లలు లోహా నగరం నుంచి తళతళలాడే రేకు పెట్టెలు తెప్పించుకున్నారు. మా ముందుగదిలో నాలుగు పెట్టెలు గోడకి జారగిలబడి ఉండిపోయాయి. అయిదోదాంట్లో పిల్లి పిల్లలు పెట్టింది.

"బతికున్నవాళ్ళకి ఏదన్నా చెయ్యవయ్యా," అన్నాను ఓ పొద్దున కాఫీ ఇస్తూ.

"బతికున్నవాళ్ళతో కష్టం లిందా. కావాలంటారు, చేసిచ్చాక ఇది కాదంటారు. ఇన్నేళ్ళలో ఒక్కడన్నా బిగుతుగా ఉందని నా పెట్టె వెనక్కి తెచ్చాడా?"

"గ్రీసెల్దా కొత్తిల్లు కట్టింది. వంటింట్లో గోడ పొడుగునా కబోర్డులు కావాలట. పుస్తకంలో బొమ్మ చింపి పెట్టుకుంది."

"పలకలన్నీ వెంట్రుక తేడా లేకుండా ఉండాలి వాటికి. చేతిరంపంతో ఎన్నాళ్ళు కొయ్యను?"

ఆ మాట ఆయన నన్ను తప్పించుకోడానికి అన్నాడు. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. మర్నాడు నా ఆవు కనేలాని తోలుకుని దిగువ బజారుకి వెళ్ళాను. అక్కడ ఇనుప సామాన్ల కొట్టాయన దగ్గర అట్టపెట్టె కూడా విప్పని రంపం మిషను ఒకటి ఎన్నాళ్ళనుంచో పడుంది. ఆయన కోడలు బాలింతరాలు, ఆయనకి పాలు కావాలి. బేరం తొందరగానే తెగింది. సాయంత్రం పాల లారీ మీద మిషనుతో పాటు దిగాను.

అర్సేనియో నా వెనక్కి చూశాడు, లారీ వెనక్కి చూశాడు.

"ఆవేదే?"

"ఇదే."

"ఇది పాలిస్తుందా?"

"నువ్వు పితికితే ఇస్తుంది."

ఆయన రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు, పొగరుబోతు ఎద్దు చుట్టూ తిరిగినట్టు. నడుమెత్తు ఇనుప బల్ల. దాని మధ్య సన్నటి చీలిక, ఆ చీలికలోంచి పైకి లేచే పళ్ళచక్రం. మా జిల్లాలో పది వేళ్ళూ ఉన్న వడ్రంగి మా ఆయనొక్కడే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకునేవాడు కాదు గాని, చేతులు ఎప్పుడూ బయటికి కనబడేలా పెట్టుకునేవాడు.

మూడోరోజు దణ్ణం పెట్టుకుని మీట నొక్కాడు. ఇల్లంతా హోరెత్తింది. పిల్లి తన పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని నా మంచం కిందికి మార్చేసింది. వీధి మొత్తం దీపాలు గుడ్డివైపోయాయి. గోడ అవతలనుంచి పక్కింటి పియదాద్ గొంతు లేచింది.

"అర్సేనియో! నీ చేతులు పడిపోను! ఆ పిల్లకి తండ్రెవరో చెప్పబోతుంటే టీవీలో బొమ్మ పోయింది!"

"రేపు చెబుతార్లే వదినా!" అని నేను కేకేశాను.

"రేపు మళ్ళీ ఈయన నొక్కితేనో?"

దాంతో సీరియల్ వచ్చే వేళ మిషను ముట్టకూడదని ఒప్పందం చేసుకున్నాం. మిగతా పొద్దంతా ఆయన పాత పలకల మీద చెయ్యి అలవాటు చేసుకునేవాడు. ఓరోజు ఒక బద్ద చక్రానికీ, పలకని ఆనించే పక్కపట్టీకీ మధ్య ఇరుక్కుని, తుపాకీ గుండులా వెనక్కి ఎగిరి, కిటికీలోంచి బయటికి పోయింది. కాసేపటికి పియదాద్ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆ బద్ద. దాన్నుంచి అరటికాయ చారు బొట్లుబొట్లుగా కారుతోంది.

"ఇదిగో నీ చెక్క," అంది. "ఉప్పు కాస్త తక్కువైంది."

ఆ తరవాత అర్సేనియో ఎప్పుడూ మిషను వెనక నిలబడలేదు. ఓ పక్కకి జరిగి నిలబడేవాడు. చక్రం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తీసేసి, కర్రముక్కతో పలకని ముందుకి తోసేవాడు. వానాకాలం సగమయ్యేసరికి ఆయన కోసిన రెండు పలకల్ని అంచుకి అంచు ఆనిస్తే మధ్యలోంచి వెలుతురు కూడా దూరేది కాదు.

గ్రీసెల్దా వంటింటి కొలతలకి బయల్దేరాడు. అసలు తంటా అక్కడ మొదలైంది. ఎవరింటికి వెళ్ళినా ఆయన నల్లకోటు తొడుక్కుని, టోపీ చేత్తో పట్టుకుని, తల వంచుకుని గుమ్మంలో నిలబడేవాడు. అదే ఆయనకి తెలిసిన పద్ధతి. గ్రీసెల్దా వాళ్ళమ్మ తలుపు తీసింది. ఈయన్ని చూసింది. చేతిలోని టేపుని చూసింది.

"ఎవరు?" అంది తలుపు పట్టుకుని. "స్పెయిన్‌లో ఉన్న మా అల్లుడా?"

"కొలతలు తీసుకుందామని వచ్చానమ్మా," అన్నాడు మా ఆయన, ఎంతో మెత్తగా.

ఆవిడ పెట్టిన కేకకి వీధి వీధంతా ఊడిపడింది. గ్రీసెల్దా స్పెయిన్‌కి ఫోన్ చేసి, మొగుడి గొంతు తల్లికి వినిపించేదాకా ఏడుపు ఆగలేదు. అప్పటినుంచి ఆయన ఏ ఇంటికి వెళ్ళినా నేను పది అడుగులు ముందు నడుస్తూ, "ఎవరూ పోలేదు! కబోర్డుల పని! ఎవరూ పోలేదు!" అని అరుచుకుంటూ వెళ్ళేదాన్ని.

కబోర్డులు చేస్తున్నన్నాళ్ళూ నన్ను ముందుగదిని ఆనుకుని ఉన్న మిషను కొట్టంలోకి రానివ్వలేదు. "అయ్యాక చూద్దువుగాని," అనేవాడు. ఆయన ముఖంలో అలాంటి వెలుగు నేను చూసి చాలా కాలమైంది. అందుకే నేనూ ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

నలుగురు మనుషుల్ని పెట్టి మొదటి కబోర్డుని గ్రీసెల్దా వంటింట్లోకి మోయించాడు. పైనున్న దుప్పటి తీశాడు.

పని గురించి వంక పెట్టడానికి లేదు. అతుకు ఎక్కడుందో తెలియదు. కానీ రెండు పక్కలా శవపేటికని మోసుకెళ్ళడానికి ఉండేలాంటి ఇత్తడి పిడులున్నాయి. తలుపుకి పైభాగంలో, సరిగ్గా మనిషి ముఖం ఉండేచోట, చిన్న అద్దపు కిటికీ ఉంది. తలుపు తెరిస్తే లోపలంతా తెల్లటి శాటిన్ గుడ్డ, కుచ్చులు పోసి.

"లోపల మెత్తగా ఉంటుందని..." అన్నాడు అర్సేనియో.

గ్రీసెల్దా తల్లి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "నేను దీంట్లోంచి పంచదార తీసుకోవాలా?"

"కిటికీ దేనికి?" అని గ్రీసెల్దా అడిగింది, ఏడవలేక.

"లోపల ఏముందో కనబడ్డానికి."

"ఏముంటుందని?"

కబోర్డు వెనక్కి పంపించేశారు.

బయట సన్నగా వాన. నలుగురూ దాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మేం వెనకాల నడిచాం. అర్సేనియో నల్లకోటులో, తల వంచుకుని, టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఈసారి ఆ ముఖం అలవాటు కొద్దీ పెట్టింది కాదు. రొట్టెల కొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరు మగాళ్ళు టోపీలు తీశారు. ఒక ముసలాయన మా వెనక చేరాడు. తరవాత బడి పంతులమ్మ చేరింది. నేను వెనక్కి తిరిగి, "ఎవరూ పోలేదండీ," అన్నాను. "అవునమ్మా, దేవుడి దగ్గరికే వెళ్ళారు," అని ఆవిడ నా చెయ్యి నిమిరింది. చర్చి మలుపు తిరిగేసరికి మా వెనక జపమాలలు తిప్పుతూ పెద్ద గుంపే తయారైంది. గంట కొట్టేవాడు పరిగెత్తుకొచ్చి, "మగమనిషా, ఆడమనిషా? ఎన్ని గంటలు కొట్టను?" అని అడిగాడు.

"అల్మారా!" అని అరిచాను. "అల్మారారా నాయనా!"

"అల్మారా ఎవరు? ఏ ఊరావిడ?" అంది వెనకనుంచి ఓ గొంతు.

ఇంటికొచ్చాక సంగతి తెలిసి కొందరు నవ్వారు, కొందరికి కోపమొచ్చింది. వానలో తడిసినందుకు అందరికీ కాఫీ పొయ్యక తప్పలేదు. అందరూ వెళ్ళిపోయాక అర్సేనియో మిషను మీద గోనెపట్టా కప్పాడు. దాన్ని నాలుగువైపులా సర్ది, అంచులు కిందికి మడిచాడు. ఎవరినైనా పడుకోబెట్టి దుప్పటి కప్పినట్టు.

"నీ ఆవుని అడిగి తెచ్చుకో," అన్నాడు. "నా చేతులకి వచ్చిందొక్కటే పని."

అప్పుడే ముందుగది మూలనుంచి ఎవరో దగ్గారు.

అందరూ వెళ్ళిపోలేదు. జోయ్లా అవ్వ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఎగువ వీధిలో ఒంటరిగా ఉండే మనిషి. ఎనభై దాటాయి. ఊళ్ళో ఎవరు పోయినా రొట్టె, దాల్చినచెక్క వేసి కాచిన చెరుకు సారా ఇస్తారని మొట్టమొదట వచ్చేది ఆవిడే.

"సారా లేదా?" అంది.

"ఎవరూ పోలేదవ్వా."

"తెలుసు. అయినా ఇంతదూరం నడిచాను కదా." లేచి కబోర్డు దగ్గరికి వచ్చింది. తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. శాటిన్ గుడ్డ మీద చెంప ఆనించి చూసుకుంది. "బావుంది. నాకోటి చెయ్యి నాయనా."

అర్సేనియో తలెత్తలేదు. "నీకు చేసే ఇచ్చానుగా అవ్వా. మంచి దేవదారుతో."

నిజమే. చాలా ఏళ్ళ కిందట అవ్వకి జబ్బు చేసి ఇక రేపో మాపో అన్నప్పుడు ఆయన ఆవిడకి పెట్టె చేశాడు. ఆయన చేసినవాటిలో అంతకంటే గొప్పది లేదు. పెట్టె రాగానే అవ్వకి జ్వరం దిగింది. అప్పటినుంచి దాన్ని ముందుగదిలో పెట్టుకుని అందులో మొక్కజొన్నలు పోసుకుంటోంది.

"దాన్నే కోసి చెయ్యమంటున్నా," అంది అవ్వ. "రోజూ వంగి ఆ మూత ఎత్తలేక నడుం విరుగుతోంది. పైగా నేను కుంచించుకుపోయాను. ఇప్పుడు దాంట్లో పడుకుంటే అటూ ఇటూ దొర్లుతాను."

ఆయన ముఖం పాలిపోయింది. "బతికున్న మనిషి పెట్టె కొయ్యకూడదు. కావాలంటే కాళ్ళవైపు కాస్త తగ్గించిస్తాను."

"నాకు తగ్గించొద్దు. ఉప్పు, పంచదార, కాఫీపొడి పెట్టుకోడానికి అరలు కావాలి. చావుకోసం ఎదురుచూసి చూసి విసుగొచ్చింది నాయనా. ఇంక ఎదురుచూడను. రేపొస్తావా?"

ఆయన నా వంక చూశాడు. నేను ఆవు ఊసెత్తకుండా, "వస్తాడు," అన్నాను.

మర్నాడు అవ్వ వంటింటికి వెళ్ళాం. సామానంతా నేలమీదే ఉంది. ఉప్పు, గిన్నెలు, గరిటెలు, అన్నీ పొయ్యి చుట్టూ. అర్సేనియో గోడని కొలిచాడు. మూల సరిగా ఉందో లేదో చూశాడు. తరవాత అవ్వ వైపు తిరిగి, అలవాటు ప్రకారం తలనుంచి పాదాలదాకా ఒక్క చూపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. టేపు తియ్యకుండానే ఎవరి పొడవైనా చెప్పేస్తాడు.

కానీ ఏం తోచిందో, అక్కడే ఆగిపోయాడు.

"అవ్వా, చెయ్యి పైకెత్తు."

"ఎందుకు?"

"ఎంతవరకు అందుతుందో చూడాలి."

అవ్వ కుడిచెయ్యి ఎత్తింది. భుజం దాటి పైకి వెళ్ళలేదు. ఆయన వేలి చివరన గోడమీద పెన్సిలుతో గీత గీశాడు. "ఎడమది?" అన్నాడు. అది ఇంకాస్త పైకి వెళ్ళింది. అక్కడా గీత గీశాడు. కాఫీ ఏ చేత్తో పోసుకుంటావన్నాడు. వంగితే మోకాలు నొప్పా, నడుమా అన్నాడు. పంచదార ఎక్కువ వాడతావా, ఉప్పా అన్నాడు. అవ్వ ఒక్కోదానికీ చాటంత జవాబు చెప్పింది. మధ్యలో తన మొగుడు సంగతులూ చెప్పింది. మా ఆయన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అంతా విన్నాడు. టోపీ తలమీదే ఉంది. తియ్యడం మర్చిపోయాడు.

పెట్టె మా ఇంటికి వచ్చింది. మొక్కజొన్నలు గోనెసంచుల్లోకి వెళ్ళాయి. కొయ్యడం చూడాలని అవ్వ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన గోనెపట్టా తీసి, మేకులు ఊడబెరికి, మూతపలకని బల్లమీద పరిచి ఆగిపోయాడు. నోట్లో ఏదో ప్రార్థన గొణుగుతున్నాడు.

"కొయ్యి నాయనా," అంది అవ్వ. "లోపల నేను లేనుగా."

మీట నొక్కాడు. దేవదారు వాసన ఇల్లంతా కమ్మేసింది. ఎర్రటి పొట్టు అవ్వ నెరిసిన జుట్టు మీద పడుతుంటే ఆవిడ కదలకుండా కూర్చుని చూసింది. గోడ అవతల పియదాద్ ఏదో అరిచింది. అది సీరియల్ వేళ అని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరం ఆగలేదు.

అల్మారా బిగించిన రెండోరోజే కబురొచ్చింది. తలుపు కిర్రుమంటోందట. వెళ్ళి బందులకి నూనె రాసొచ్చాడు. మరో రెండు రోజులకి, అసలు శబ్దమే లేకపోతే ఇంట్లో ఎవరూ లేనట్టుందని కబురు. ఆ తరవాత పంచదార అర ఇరుకైంది. ఆ తరవాత ఉప్పు అర మరీ వెడల్పు, చెయ్యి లోపలికి పోతే భయమేస్తోందంది. ఆయన విసుక్కుంటాడేమో అనుకున్నాను. ఓ మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఉడికించిన మొక్కజొన్నలు రెండోసారి పెట్టించుకుంటూ, "ఇవాళ కూడా తిట్టింది," అన్నాడు.

"దేనికి?"

"అన్నిటికీ." నోరంతా తెరిచి నవ్వాడు. "నీ మొహం, నీ పనీ ఒకేలా ఉన్నాయంది. పొద్దుటినుంచి ఒకటే తిట్లు. ఇన్నేళ్ళు పనిచేశాను లిందా, చేసింది ఎలా ఉందో ఒక్కళ్ళూ చెప్పలేదు నాకు!"

అవ్వ తిట్లు ఊరికే పోలేదు. ఆవిడ శవపేటికలోంచి పంచదార తీసి కాఫీ కలుపుతుందని ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. వెళ్ళినవాళ్ళు తలుపులు తీశారు, వేశారు, తమ వంటిళ్ళ గురించి ఆలోచించుకుంటూ తిరిగొచ్చారు. బడి పంతులమ్మ పుస్తకాలకి ఒకటి చెయ్యమంది. ముందుగదిలో పెట్టెలు ఒక్కొక్కటే బల్లమీదికెక్కి అరలుగా దిగాయి. పియదాద్ టీవీ కింద పెట్టుకోడానికి ఒకటి చేయించుకుని, దానికి బదులుగా సీరియల్ వేళని వదులుకుంది. చివరికి గ్రీసెల్దా కూడా వచ్చింది. పిడులు, గుడ్డ పీకేస్తే కబోర్డు తీసుకుంటానంది.

"కిటికీ?" అన్నాడు అర్సేనియో, బెదురుతూ.

"కిటికీ ఉండనియ్యి," అంది. "మా అమ్మకి నచ్చింది. బిస్కెట్లు ఎన్ని మిగిలాయో తలుపు తియ్యకుండానే కనబడతాయట."

ఈస్టర్ ముందరి పవిత్ర వారం దగ్గరపడేసరికి వానలు వెలిశాయి. పండగ పులుసుకని నేను గింజలన్నీ నానబోశాను. చిక్కుళ్ళు, బఠానీలు, మసూరు గింజలు, ఒక్కోటి ఒక్కో గిన్నెలో, నా వంటింట్లో నేలమీద వరసగా పెట్టాను. ఊరందరికీ అరలు చేసిచ్చినవాడి పెళ్ళాన్ని, నాకు మాత్రం ఇటుకల మీద పెట్టిన బల్ల ఒక్కటే. వంటింట్లో పెంచుకునే గినీ పందులు మూలనుంచి వచ్చి చిక్కుళ్ళు ఎత్తుకుపోతుంటే గరిటెతో తరుముతున్నాను. అర్సేనియో గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అటక మీద ఏదో జరుగుతున్న చప్పుడైంది. కాసేపటికి గోనెలు చుట్టిన పొడుగాటి పలకలు భుజాన వేసుకుని కిందికి దిగాడు. గోనెలు విప్పాడు. వాల్‌నట్ చెక్క. నల్లగా, నున్నగా, తేనె పూసినట్టు. అంత వెడల్పు పలకలు మా కొండల్లో ఇప్పుడు దొరకవు.

"ఎక్కడివయ్యా ఇవి? నాకు తెలీకుండా?"

"నీవే."

"నావేంటి?"

"నీకని దాచినవి." తల గోక్కున్నాడు. "మన పెళ్ళైన ఏడు కొన్నాను."

అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది. "పెళ్ళైన ఏడే నా పెట్టెకి చెక్క కొన్నావా?"

"మంచి చెక్క ఎప్పుడు దొరికితే అప్పుడే కొనాలి లిందా. మళ్ళీ దొరుకుతుందా?"

గరిటెతో ఆయన్నో దెబ్బ వెయ్యాలో, నవ్వాలో తెలియలేదు. పలక మీద చెయ్యి వేశాను. ఎక్కడా వంపు లేదు. వంగిపోకుండా ఏటా ఎండాకాలంలో తిరగేసి పెట్టేవాడట, నేను నది దగ్గరికి బట్టలుతకడానికి వెళ్ళినప్పుడు.

"ఇప్పుడీ చెక్కంతా అరలకి వాడేస్తే, మరి నేను పోతే?"

ఆయన ఆ మాట తేలిగ్గా తీసుకోలేదు. కొనేవాళ్ళు ఏదైనా అడిగితే ఎలా ఆలోచిస్తాడో అలాగే, పలకల వైపు చూస్తూ నిలబడి ఆలోచించాడు.

"ఇంక చెక్క లేదు," అన్నాడు చివరికి. "నువ్వు పోవడం కుదరదు."

మొదటి పలక ఎత్తుకుని కొట్టంలోకి నడిచాడు. అది ఒక్కడు మొయ్యగలిగిన బరువు కాదు. చేతులు గౌనుకి తుడుచుకుని వెళ్ళి, రెండో కొస నేను పట్టుకున్నాను.